నేలకు పాదం తగలనివాళ్లు

నమోదు 611

వార్డు వైద్యుడు దినచర్య రాయాలని ఆరోగ్య సంఘం ఆజ్ఞ. దాన్ని చదవాలని మాత్రం ఎవరికీ ఆజ్ఞ లేదు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లుగా ఇందులో నిజం రాస్తున్నాను. కొత్త నెల్లిమర్ల పిల్లల వార్డుకు పెద్ద డాక్టరునీ నేనే, చిన్న డాక్టరునీ నేనే. నా పదవీ విరమణ రోజున దండ వేసి, నా తర్వాతి వైద్యుడు భూమి నుంచి బయలుదేరుతున్నాడని చెప్పారు. ఇంకా బయలుదేరుతూనే ఉన్నాడు.

ఈరోజు వార్డుకు ఆలస్యంగా చేరాను. నాలుగో తలుపు దగ్గర నా ముందు ఒకావిడ చంకలో ఏడేళ్ల పిల్లాడిని ఎక్కించుకుని నిలబడింది. వాడు పాదాలు నేల మీది పలకకు తగలకుండా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని మూటలా కూర్చున్నాడు. వాడికి మీసాలు వచ్చేదాకా ఇలాగే మోస్తావా అని అడిగాను.

"సూది గుచ్చితే ఏడుస్తాడు బాబూ. మీ సొమ్మేటి పోనాది?" అంది.

మా ఊళ్లో ప్రతి తల్లీ చేసే మోసమే ఇది. తలుపు ముందు పలక మీద ఒక జత పాదాలు పడితే తలుపు ఒక మనిషిని లెక్క వేసుకుంటుంది. ఆ మనిషి వేలి నుంచి ఒక చుక్క నెత్తురు తీసుకుని, అందులో రోగం లేదని చూసి, పేరు చదివి దారి ఇస్తుంది. పాదం పడకపోతే మనిషి లేనట్టే. చంటిపిల్లల వేళ్లు గుచ్చకూడదని తొలినాళ్లలో పెట్టిన వెసులుబాటు అది. పలక బరువు చూడదు, ఎందుకంటే గని కూలీలు మంచు మూటలతో నడుస్తారు. ఇక చంద్రుడి మీద ఏడేళ్ల పిల్లాడు చంకలో చంటిబిడ్డంత తేలిక. ఎత్తుకోవడానికి బరువు అడ్డం రాని చోట సిగ్గయినా అడ్డం రావాలి. మా ఊళ్లో నీటి తర్వాత అంత కరువు దానికే.

వార్డులో పైడితల్లి నా కోసం ఎదురుచూస్తోంది. తొమ్మిదేళ్ల పిల్ల. రెండో విడత మందులకు నెత్తుటి క్యాన్సరు అణిగింది. అణగడమే, పోవడం కాదు. తొలి విడత మందులు ఆమె గుండెను, ఊపిరితిత్తులను నలిపేసి వెళ్లాయి. ఇక మూలుగ మార్చడం ఒక్కటే దారి. నేను ఆలస్యమైనందుకు ఆమె నన్ను నిలదీసింది, "తాతా, నీకూ జరమా?" అని.

నమోదు 614

దాత దొరికాడు. పిల్ల తల్లి గని కూలినప్పుడు పోయింది, తండ్రి అంతకు ముందే పోయాడు. పైడికి మిగిలింది మేనమామ పోలినాయుడు. మంచు గనిలో తవ్వకం పని. అతని మూలుగ పిల్లకు సగం సరిపోతుంది. ఈ రోజుల్లో సగం చాలు.

అతనికి విషయం విడమరచి చెప్పాను. మూలుగ అంటే ఎముకల లోపల నెత్తురు పుట్టే చోటు. జబ్బు అక్కడే కాపురం పెట్టింది. పాత పద్ధతిలో ఒళ్లంతా కిరణాలు పెట్టి, ఘాటు మందులు ఎక్కించి ఆ చోటును పూర్తిగా కాల్చి బూడిద చేస్తాం. అప్పుడు నీ మూలుగ పోస్తాం. గట్టి పిల్లలు దాన్ని తట్టుకుంటారు. ఈ పిల్ల గుండె తట్టుకోదు. మెత్తని పద్ధతిలో తక్కువ మోతాదు మందుతో పాత మూలుగను కాస్త అణచి, కొత్తదానికి చోటు చేస్తాం. మిగిలిన జబ్బును వెతికి చంపే పని నీ నెత్తుటి కణాలే నెమ్మదిగా చేస్తాయి.

పోలినాయుడు అంతా విని, తన నెత్తురుకు అంత తెలివి ఉందా అని అడిగాడు. నీకంటే ఎక్కువే ఉందన్నాను. నవ్వలేదు. మంచం మీద పిల్ల నవ్వింది.

"మావ నెత్తురు నాకొస్తే నానూ గురకెట్టేస్తానేటి?" అంది.

నమోదు 615

డాక్టర్ నరహరిని కలిశాను. ఆరోగ్య సంఘానికి ఇప్పుడు అధ్యక్షుడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. సూది పట్టుకోవడం నేనే నేర్పాను. ప్రతి మాటకీ ఆ నవ్వడం ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. ఇరవై ఏళ్ల క్రితం ఈ మెత్తని పద్ధతి మీద నేను సంఘానికి ఒక వ్యాసం సమర్పించాను. దాని మీద అతను రాసిన అభిప్రాయం నాకు కంఠస్థం: ఆసక్తికరంగా ఉంది, అవసరం లేదు. ఒక మనిషి జీవితకాలపు చదువును నాలుగు మాటల్లో పాతిపెట్టడం కూడా ఒక విద్యే.

పిల్ల సంగతి చెప్పాను. మెత్తని పద్ధతిలో జబ్బు తిరగబెట్టే భయం కొంచెం ఎక్కువని గుర్తు చేశాడు. అది నిజం. నరహరి నిజం చెప్పినప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది. కాల్చే పద్ధతిలో జబ్బు తిరగబెట్టడానికి ఈ పిల్ల మిగలదన్నాను. ఆ మాట కాదనలేదు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

మూలుగ మారితే నెత్తురు మారుతుంది. కాల్చే పద్ధతిలో కొద్ది రోజుల్లోనే పిల్ల నెత్తురు మొత్తం దాతది అయిపోతుంది. సంఘం వాళ్లు తలుపుల జాబితాలో దాత పేరు పక్కన 'రెండు' అని చేర్చి ఆ పిల్లకు దారి ఇస్తారు. మెత్తని పద్ధతిలో అయితే నెలల తరబడి ఒకే చుక్కలో ఇద్దరుంటారు, సగం పిల్ల, సగం మేనమామ. తలుపు ఒక చుక్కలో ఒక మనిషినే చదువుతుంది.

"అయితే తలుపుకు చదవడం నేర్పించవోయ్" అన్నాను.

"నలభై వేల మంది ఊపిరి ఆ తలుపుల మీద ఉంది గురువుగారూ. ఒక్క పిల్ల కోసం వాటి నియమం మార్చమంటే సభ ఒప్పుకోదు. మందు మోతాదు మీ ఇష్టం, చట్టమే మీకిచ్చింది. తలుపులు మాత్రం నా చేతిలో ఉన్నాయి."

నేను చాలా చదివాను. జ్వరం తగ్గాలని నెత్తురు కార్పించిన వైద్యుల గురించి చదివాను. ఓడలో ఒకడికి బొబ్బలు లేస్తే ఓడ మొత్తాన్ని రేవు బయట నిలబెట్టిన నగరాల గురించి చదివాను. వాళ్లందరికీ కనీసం రోగమంటే భయం ఉండేది. తలుపుకు చదువు రాదని పిల్ల ఒళ్లు కాల్చమన్నవాణ్ణి మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు.

నమోదు 623

మోతాదు నా ఇష్టం కాబట్టి నా ఇష్టప్రకారమే ఇచ్చాను. పోలినాయుడి నడుము ఎముక నుంచి మూలుగ తీశాం. గనిలో కొండలు తవ్వే మనిషి, పెద్ద సూది చూడగానే నర్సు దమయంతి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నొప్పిగా ఉందని దమయంతి నాకు రెండుసార్లు చెప్పింది.

పైడికి మూలుగ ఎక్కిస్తున్నంతసేపూ సంచీ వంక చూస్తూ పడుకుంది. ఇక్కడ బొట్టు పడటానికి కూడా తొందరుండదు. తీరిగ్గా దిగుతుంది. ఇదేనా అంతా, టమాటా చారులా ఉంది అని పెదవి విరిచింది. పెద్ద తిరగలి ఏదో తెచ్చి ఒంట్లో పెడతారనుకుందట.

జుట్టు ఊడలేదు. నోరు పూయలేదు. అన్నం తింటోంది. గుండె తన మానాన తాను కొట్టుకుంటోంది. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నది ఇదే. వినవలసినవాడు గోడకు అవతల కూర్చుని నవ్వుతున్నాడు.

నమోదు 631

కొత్త మూలుగ పట్టుకుంది. నెత్తుటిలో మేనమామ కణాలు లేచాయి. మామూలుగా ఇది పండగ చేసుకోవలసిన రోజు. ఈరోజు జరిగింది వేరు.

వార్డులో ఉన్నవి రెండు శుభ్రమైన గదులు. గనిలో ఊపిరి ఆడక పడిపోయిన ఇద్దరు పిల్లలు వచ్చారు. పైడిని ఇంటికి పంపి, రోజూ పరీక్షకు రప్పించుకోవడం తప్ప గత్యంతరం లేదు. నెత్తుటిలో ఇంకా ఆమె కణాలే ఎక్కువని, తలుపు ఆమెను పాత పేరుతోనే చదువుతుందని లెక్క వేశాను. మూడో తలుపు అలాగే చదివింది. నాలుగోదానికి చుక్కలో ఇద్దరు కనబడ్డారు, చదవలేదు. మూడోది వెనక మూసుకుంది. పోలినాయుడు అప్పటికే నాలుగోది దాటి అవతల ఉన్నాడు. మధ్య నడవాలో పిల్ల ఒంటరిగా, మూతికి గుడ్డ కట్టుకుని నిలబడింది.

"పలక మీద ఒక్కరే నిలబడండి" అంది తలుపు.

పైడి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ వేలు పెట్టింది. తలుపు మళ్లీ అదే మాట అంది. మూడోసారికి ఎర్ర దీపం వెలిగి రెండు తలుపులూ బిగుసుకున్నాయి. గాజు అవతల పోలినాయుడు అరచేతులతో కొడుతున్నాడు, ఇవతల నేను కొడుతున్నాను. కాపలావాళ్లు తాళంతో వచ్చేసరికి పిల్ల గోడకు చేరగిలబడి చలికి వణుకుతోంది.

"నాతో ఎవులో ఉన్నారంటన్నాది తాతా" అంది. అంతే.

సాయంత్రానికి జ్వరం. ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఇంకా వేళ్లూనని పిల్లకు జ్వరమంటే ఆట కాదు. దమయంతి గనిపిల్లల్లో ఒకడిని తన కుర్చీలోకి మార్చి పైడికి పడక ఇచ్చింది. నేను రాయదలచిన మాటలు ఈ పుటకు తగవు కాబట్టి రాయడం లేదు.

నమోదు 634

జ్వరం దిగింది. సభకు వెళ్లాను. నాలుగో తలుపు నియమం నుంచి ఒక్క పిల్లను మినహాయించమని అడిగాను. నరహరి నన్ను ఎంతో గౌరవంగా కూర్చోబెట్టాడు, నీళ్లు ఇప్పించాడు, నా సేవల గురించి మాట్లాడాడు. మనిషి బతికుండగానే సంతాప సభ పెట్టినట్టుంది. చివరికి సంఘం దృష్టిలో అనుమతి లేని చికిత్సకు సంఘం వెసులుబాట్లు వర్తించవని తేల్చారు. చేతులెత్తినవాళ్లలో ముగ్గురి పిల్లలకు వైద్యం చేసింది నేనే.

తిరిగి వస్తుంటే నాలుగో తలుపు దగ్గర మళ్లీ ఆ తల్లీ, ఆ ఏడేళ్ల మూటా. ఈసారి ఆవిడే నన్ను చూసి సర్దుకుంది, తిడతానని. నేను తిట్టలేదు. వాడి పాదాల వంక చూస్తూ నిలబడిపోయాను. ఒక చుక్క నెత్తురు, ఒక జత పాదాలు, ఇద్దరు మనుషులు. తలుపు మెత్తగా తెరుచుకుంది.

ఇంత చదివినవాణ్ణి, ఇన్నాళ్లు కళ్ల ముందున్న దాన్ని చూసి విసుక్కున్నాను. నా మీద నాకు వచ్చిన కోపం నరహరి మీద కోపానికి ఏమాత్రం తీసిపోదు.

నమోదు 635

అసలు అడ్డంకి ఇప్పుడొచ్చింది. పైడి ఒప్పుకోదు.

పోలినాయుడు బతిమాలాడు. దమయంతి బుజ్జగించింది. మూడో తరగతి పిల్ల చంకనెక్కి ఊరంతా తిరిగితే బళ్లో మొహం ఎలా చూపించాలంటుంది. నాలుగేళ్లప్పుడే చంక దిగిపోయానని, అది ఊళ్లో అందరికీ తెలుసని అంటుంది. ప్రాణం ముఖ్యమా పరువు ముఖ్యమా అని నేను గద్దించాను. ఆ ప్రశ్న నన్ను నేనూ వేసుకోవలసిందేనని అప్పుడే తోచింది.

చాలాసేపు దుప్పటి కింద ఉండి, తల బయటపెట్టి బేరం పెట్టింది. "ముందల నువ్వెక్కు తాతా. మావ నిన్నెత్తుకుని నాలుగో తలుపు దాటించాల. అందరూ సూడాల. అప్పుడు నానెక్కుతాను."

పోలినాయుడు గాభరాపడి, పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదని మందలించాడు. నేను చెప్పులు విప్పి పక్కన పెట్టాను.

గని షిఫ్టు మారే వేళ. నడవా నిండా కూలీలు. డెబ్బై ఎనిమిదేళ్ల వైద్యుణ్ణి, తెల్లకోటుతో సహా, పోలినాయుడు చంకలోకి ఎత్తుకున్నాడు. భూమి మీద అయితే ఇద్దరికీ నడుములు విరిగేవి. ఇక్కడ నేను ఒక బియ్యం సంచీకి తక్కువ. మోకాళ్లు పైకి లాక్కుని అతని మెడ పట్టుకున్నాను.

"బాబూ, కాళ్లు సూసుకోండి, పలకకి తగిలీగలవు" అన్నాడు చెవిలో.

ఎవరో వెనక నుంచి, డాక్టరుగారికి పాలసీసా మరిచిపోయారని కేక వేశారు. నడవా అంతా ఘొల్లుమంది. తలుపు పోలినాయుడి వేలు గుచ్చి, పోలినాయుడి పేరు చదివి, ఒక్కరే అని ప్రకటించి తెరుచుకుంది. ఇన్నేళ్లు ఈ ఊరికి చేసిన చాకిరీ అంతా మోసుకుని నేను ఆ తలుపు దాటాను. తలుపుకు నేను లేనే లేను.

గాజు వెనక పైడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మాట తప్పలేదు. తర్వాత తను ఎక్కింది.

నమోదు 652

ఇప్పుడిది ఊరి ఆచారం. పోలినాయుడు గనిలో ఉన్నప్పుడు ఎవరు వార్డు వైపు వస్తుంటే వాళ్లు ఎత్తుకుని తెస్తున్నారు. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలని, మూతికి గుడ్డ కట్టుకోవాలని నేను అందరినీ తిడుతున్నాను. తిట్లు తిని మరీ క్యూ కడుతున్నారు. ఆ ఏడేళ్ల మూట తల్లి ఒక చంకలో కొడుకునీ, ఇంకో చంకలో పైడినీ వేసుకుని వచ్చింది. ఎవరి చంక మెత్తన, ఎవరిది ఎముకల పోగు అని పైడి దమయంతికి రోజూ వివరంగా చెబుతోంది. మేనమామది అన్నిటికంటే గరుకట. నాది తొమ్మిదో స్థానంలో ఉందట.

జబ్బు ఆనవాలు లేదు. మేనమామ నెత్తురు పెరుగుతోంది, పిల్లది తగ్గుతోంది. కొట్లాట లేకుండా, ఇల్లు కాల్చకుండా, ఒకరు సర్దుకుంటూ ఒకరు వస్తున్నారు.

నరహరి ఒకసారి నడవాలో ఎదురయ్యాడు. ఎవరి చంకలోనో ఉన్న పైడి అతనికి నమస్కారం పెట్టింది. నియమం ఎక్కడా తప్పలేదు కదా అని నేను గుర్తు చేశాను. నవ్వాడు. ఆ నవ్వు ఈసారి కొంచెం ఆలస్యంగా వచ్చింది.

నమోదు 688

పైడి నెత్తురు మొత్తం పోలినాయుడిది అయింది. మూలుగ తీసి చూశాను, జబ్బు లేదు. మళ్లీ రాదని నేను మాట ఇవ్వను. ఇంకా కొన్నేళ్లు చూడాలి. కానీ ఇవాళ లేదు, గుండె మునుపటికన్నా బాగా కొట్టుకుంటోంది, నా చేతిలోని స్టెతస్కోపు లాక్కుని తనే విని ఖాయం చేసింది.

ఇక చంక దిగవచ్చని చెప్పాను. నడవాలో నడిచి వెళ్లి నాలుగో తలుపుకు వేలు ఇచ్చింది. తాడ్డి పోలినాయుడు అని తలుపు గౌరవంగా పిలిచింది. మీసం దువ్వుకున్నట్టు నటిస్తూ దాటింది. వెనకే పోలినాయుడు వేలు పెట్టాడు. తాడ్డి పోలినాయుడు ఇంతకు ముందే దాటారంది తలుపు. బిగుసుకుంది.

జాబితాలో 'రెండు' చేర్చాలి. అది నరహరి సంతకం. అనుమతి లేని చికిత్స కాబట్టి చేర్చలేనని కబురు పంపాడు. అయితే ఒక దారి ఉందట. మెత్తని పద్ధతి నా సొంత పూచీ మీద చేసిన ప్రయోగమని, దాన్ని మళ్లీ ఎవరి మీదా వాడబోనని, వాడదగినది కాదని నేను ఒప్పుకుని రాసిస్తే, కరుణతో ఈ ఒక్క పిల్ల పేరు చేరుస్తారట.

అంటే పైడి తర్వాత వచ్చే బలహీనపు పిల్లలందరినీ కాల్చడమే. రాసివ్వకపోతే ఈ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఒక తలుపు అవతల ఉండిపోవడమే. మామ గనికి వెళితే పిల్ల బడికి వెళ్లలేదు. పిల్ల బడికి వెళితే మామకు కూలి లేదు.

నమోదు 689

నరహరి గదికి వెళ్లాను. పత్రం సిద్ధంగా ఉంది. నాలుగు వాక్యాలు, తప్పుల్లేని తెలుగు. నా శిష్యుడే కదా.

రాబోయే పిల్లలకు ఇంకా మొహాలు లేవు. పైడికి ఉంది. కలం తీసుకున్నాను. ఇరవై ఏళ్ల తగాదా ఇంత చిన్న కుర్చీలో కూర్చుని ముగుస్తుందనుకోలేదు. నరహరి మర్యాదగా కిటికీ వంక తిరిగాడు. మొదటి అక్షరం రాశాను.

అప్పుడు గది తలుపు పలికింది. "తాడ్డి పోలినాయుడు. ఒక్కరు."

తలుపు తెరుచుకుంది. పైడి లోపలికి వచ్చింది. నడుము ఒక పక్కకు వంచి, పళ్లు బిగబట్టి, చంకలో మేనమామను ఎత్తుకుని వచ్చింది. గనిలో కొండలు తవ్వే మనిషి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఆమె మెడ పట్టుకుని ఉన్నాడు. అతని కాళ్లు ఆమె కంటే పొడుగు. వాటిని పలకకు తగలకుండా ఎలా మడిచారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్ల వెనక గాజు అవతల నడవా నిండా జనం.

"అయిపోనాది మావా, దిగు" అంది. దిగాడు. అతని మొహం ఎర్రబడి ఉంది. ఆమెది కూడా ఎర్రబడి ఉంది, మంచి నెత్తుటి ఎరుపు. పట్టిన చెమటను తుడుచుకుని నరహరి వైపు తిరిగింది.

"బడికాడికి మావని నానెత్తుకెల్తాను, గనికాడికి మావ నన్నెత్తుకెల్తాడు. మీ సంతకమేటీ అక్కర్లేదు బాబూ."

నరహరి ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. అలవాటు. వైద్యుడు ఎక్కడో మిగిలే ఉన్నాడు. చాలాసేపు వదలకుండా చూశాడు. అప్పుడు మొదటిసారి నవ్వకుండా నా వైపు చూశాడు.

నేను కలం మూత పెట్టాను. పత్రం బల్ల మీదే ఉంది, నా పేరులో మొదటి అక్షరంతో. మిగతాది ఏం చేయాలో అతన్నే ఆలోచించుకోమని చెప్పి లేచాను.

బయటికి వెళ్లడానికి నా వంతు వచ్చేసరికి, వేలు చాచకముందే పైడి నా ముందు వంగి నిలబడింది. నాకు నడవడం వచ్చని చెప్పాను. వినలేదు.